మా వదిన కాగితంపూల చెట్టు

ఈ మధ్య మా అమ్మాయి విజయనగరంలో ఏదో నర్సరీకి వెళ్ళి రెండు బోగన్‌విల్లా కుండీలు తెచ్చి మేడ మీద పిట్టగోడ పక్కన పెట్టింది. మేం చిన్నప్పటినుంచీ కాగితంపూలంటాం గాని, ఇప్పుడు ఆ పేరు చెబితే నర్సరీవాడికే తెలియడం లేదట. తెచ్చిన రోజున గుత్తులు గుత్తులుగా పూసి ఉన్నాయి. రెండు వారాల్లో రంగంతా రాలిపోయి, ఆకులు మాత్రం తోటకూరలాగా ఏపుగా పెరిగాయి. "మోసం చేశాడమ్మా నర్సరీవాడు. పొద్దునా సాయంత్రం తప్పకుండా నీళ్ళు పోస్తున్నాను, ఒక్క పువ్వు లేదు" అని రోజూ ఒకసారి గొణుక్కుంటుంది. "నీళ్ళు పోస్తున్నావు గనకే పూయటం లేదు. మానేసి చూడు" అన్నాను. "పాపం ఎండిపోదూ?" అంది, నేనేదో కసాయిదాన్నయినట్టు. ఆ మాటకి నాకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు ఎంతకీ ఆగలేదు. అది కంగారు పడి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నీళ్ళు పోసీ పోసీ ఒక చెట్టుని పూయనివ్వకుండా రెండేళ్ళు ఆపిన మనిషి కథ దానికి ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ చెబుతాను.

నా పెళ్ళయింది అరవయ్యో దశకం చివర్లో. నాకప్పుడు పద్దెనిమిది నిండాయి. అత్తవారి ఊరు కోటబొమ్మాళికి రెండు మైళ్ళు. గాలి అటునుంచి వీస్తే స్టేషనులో ఆగిన రైలు పెట్టే ఆవిరి చప్పుడు మా వాకిట్లోకి వినిపించేది. ముందు వాకిలి, వెనక పెరడు, పెరట్లో నుయ్యి ఉన్న పెంకుటిల్లు. ఇంట్లో అత్త, మావ, పక్క ఊరి బడిలో పంతులు చేస్తున్న మా ఆయన, ఆయన అక్క. అంటే నాకు వదిన. వదినకి పదహారో యేట పెళ్ళి చేశారట. రెండేళ్ళు తిరక్కుండా ఆ పెనిమిటి విషజ్వరంతో పోతే పుట్టింటికి తెచ్చేసుకున్నారు. నేను కాపరానికి వెళ్ళేటప్పటికి ఆవిడకి ఇరవయ్యారు. బొట్టు లేని నుదురూ, మోచేతిదాకా మడిచిన జాకెట్టు చేతులూ, చెంగు బొడ్లో దోపుకుని ఎప్పుడూ ఏదో పని మీద పోతున్న నడకా చూసి మొదటిరోజు నాకు కొంచెం భయమేసింది. రెండోరోజు నేను గంజి వార్చబోయి అన్నం సగం పెరట్లో పారబోశాను. అత్త వచ్చేలోగా వదిన ఆ మెతుకులన్నీ కోళ్ళకి వేసేసి, "ఒసే పిల్లా, కుండకి మూత అడ్డెట్టాల, నీ మొకం కాదు" అని నవ్వింది. ఆ నవ్వుతో నా భయం పోయింది. ఇంట్లో ఆవిడకి నవ్వడానికి తోడు దొరికింది నేను వచ్చాకేనని తరవాత తెలుసుకున్నాను.

ఆ ఏడు తొలకరి పెద్దగా పడి వాకిలి ముందున్న మట్టిగోడ సగానికి పైగా కూలిపోయింది. మావ ఇవాళ పెట్టిస్తాను, రేపు పెట్టిస్తాను అంటూ గడిపేస్తున్నాడు. ఊళ్ళో గొడ్లన్నీ మా వాకిట్లోంచే అడ్డదారి వేసుకుని చెరువుకి పోతున్నాయి. సరిగ్గా అప్పుడు వచ్చాడు గ్రామసేవక్. బ్లాకు ఆఫీసు తరపున ఊరూరూ తిరిగి కొత్తగా వచ్చిన పొట్టి వరి విత్తనాలు వేయించడం అతని ఉద్యోగం. ముప్పై దాటిన మనిషి. పొడుగ్గా, సన్నగా, తెల్ల చొక్కా మోచేతులదాకా మడిచి, హేండిలుకి గుడ్డసంచీ తగిలించుకుని సైకిలు మీద వచ్చేవాడు. నరసన్నపేట వైపు పల్లెటూరివాడే, మావాళ్ళ కులమే. తండ్రి లేకపోతే ఇద్దరు చెల్లెళ్ళకి పెళ్ళిళ్ళు చేసి, ఆ హడావిడిలో తన పెళ్ళి సంగతి మరిచిపోయాడని ఊళ్ళో చెప్పుకునేవారు. పొట్టి వరి మాట మా మావ దగ్గర ఎత్తితే, "గడ్డి నేకపోతే నా ఎడ్లు నీ పుస్తకాలు తింటాయేటి?" అని కొట్టిపారేశాడు. అతను నొచ్చుకోలేదు. మజ్జిగ తాగి, కూలిన గోడ వైపు చూసి, "గోడెందుకండీ, కాగితంపూల మొక్కలు వేసీండి. ముళ్ళుంటాయి, గొడ్లు జొరబడవు. మా ఆఫీసులో పెద్ద చెట్టుంది, కొమ్మలు తెచ్చిస్తాను" అన్నాడు. ఉత్తినే వస్తోంది గనక మావ వద్దనలేదు.

వారం తిరిగేసరికి, సంతరోజున, గోనెగుడ్డ తడిపి చుట్టి మూడు కొమ్మలు తెచ్చాడు. బొటనవేలి లావున ముదురు కొమ్మలు, ఒక్కొక్కటీ జానెడు. కింది కొస ఏటవాలుగా కోసి ఉంది. ఇసకా మట్టీ కలిపిన కుండల్లో వంచి నాటాలనీ, రెండు కణుపులు మట్టిలో ఉండాలనీ, నీడన పెట్టాలనీ, చిగురు వచ్చినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదనీ, వేరు చాలా పెళుసనీ, ఎట్టి పరిస్థితిలోనూ కదపకూడదనీ చెప్పాడు. అందరికీ చెబుతున్నట్టే చెప్పాడు గాని, విన్నది వదిన ఒక్కతే. ఆవిడ గుమ్మం పక్కన నిలబడి, "కణుపు మీదికుండాలా, కిందికా?" అని అడిగింది. పై మగవాడితో వదిన మాట్లాడగా నేను వినడం అదే మొదలు. మూడు కొమ్మల్లో రెండింటిని మా అత్త చంపేసింది. చంపాలని కాదు. చిగురు రాగానే వేరు వచ్చిందో లేదో చూడాలని ఆవిడకి ఆత్రం. రోజూ పొద్దున్నే ఒక కొమ్మ పైకి లాగి చూసి మళ్ళీ గుచ్చేసేది. వదిన పట్టుకుని కేకలేస్తే, "ఏరొచ్చినాదో నేదో సూడకపోతే ఎలాగ తెలుస్తాదే? కూర ఉడికినాదో నేదో సూడమేటి?" అంది. మూడో కుండని వదిన పెరట్లో గడ్డివాము వెనక దాచేసింది. అదొక్కటే బతికింది.

ఆ మొక్కని భూమిలో వేసిన రోజు నాకు బాగా గుర్తు. గ్రామసేవక్ చెప్పినట్టే వాకిట్లో బాగా ఎండ తగిలే చోట మోకాలిలోతు గొయ్యి తీసి, అడుగున పెంకుముక్కలు వేసి, కుండని మెల్లగా పగలగొట్టి, మట్టిగడ్డ చెదరకుండా రెండు చేతులతో పసిబిడ్డని దించినట్టు దించింది వదిన. అతను పక్కనే నిలబడి చూస్తున్నాడు గాని సాయం చెయ్యలేదు. "మీకు చెయ్యి కుదిరిందండి" అన్నాడు. అంతే. ఆ సాయంత్రం వదిన చేతిగోళ్ళలో మట్టి కడుక్కోకుండానే చాలాసేపు అరుగు మీద కూర్చుంది.

అక్కడినుంచి ఆ మొక్క పెరిగింది చూడండి! రెండు వానలకి గుమ్మమంత, కార్తీకానికి ఇంటి పెణక చూరంత. వెదురుబద్దలతో పందిరి కడితే పందిరి దాటి పోయింది. గ్రామసేవక్ సంతరోజు సంతరోజుకీ మా ఊరు రావడం, పొలాలన్నీ తిరిగి చివరికి మా వాకిట్లో సైకిలు ఆపి, మొక్క చుట్టూ ఒకసారి తిరిగి, ఏ కొసలు తుంచాలో, ఏ తీగ ఎటు కట్టాలో చెప్పడం, మజ్జిగ తాగి వెళ్ళిపోవడం ఒక మామూలైంది. వదిన అరుగు చివర బియ్యం చెరుగుతూనో, చింతపండు గింజలు తీస్తూనో కూర్చుని ఒక మాట అడిగేది. అతను పది మాటల జవాబు చెప్పేవాడు. అప్పుడే నాకు తెలిసింది, మనం పువ్వులనుకునేవి పువ్వులు కావనీ, అవి రంగు మారిన ఆకులేననీ, అసలు పువ్వు మధ్యలో తెల్లగా, ఆవగింజంత ఉంటుందనీ. ఆ సంగతి మా అత్తకి చెబితే, "వాసన నేదు, పూజకి రాదు, కొప్పుకి రాదు, ఆకరికి పువ్వు కూడా కాదేటి! మరేటికే ఇది?" అంది. కొప్పుకి రాదు గనకనే వదిన దాని దగ్గర ఎంతసేపున్నా ఊళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. అదే మల్లె పాదయి ఉంటే నలుగురూ నాలుగు మాటలు అనుండేవాళ్ళు.

అంతా బాగానే ఉంది గాని మొక్క పూయలేదు. మాఘం వచ్చింది, ఫాల్గుణం వచ్చింది, బ్లాకు ఆఫీసు చెట్టు మంటలాగా పూసిందని వెళ్ళినవాళ్ళంతా చెప్పారు. మా చెట్టుకి ఆకులే. గ్రామసేవక్ మొదటి సంవత్సరం అన్నాడు, "దీనికి నీళ్ళెక్కువైతే ఆకులేస్తుందండి. ఈ ఎండల్లో నీళ్ళు పూర్తిగా ఆపీండి. ఆకు వాడి, వేలాడిపోతుంది. భయపడకండి. అప్పుడు ఒక్క బిందెడు పోసి మళ్ళీ ఆపీండి. పూస్తుంది. పూయడం మొదలెట్టిందంటే ఇంక నేను చూడాల్సింది ఏమీ ఉండదు." వదిన తల ఊపింది. ఆ ఎండాకాలం పూయలేదు. వానలొచ్చాయి. చెట్టు ఇంకా పెరిగింది. తీగలు వాకిలికి అడ్డం పడి, ఒకసారి మా మావ తలపాగా ముల్లుకి తగులుకుని విప్పుకుపోతే, బొంగరంలాగా గిర్రున తిరిగి ఆయన వీధిలో బోడితలతో నిలబడ్డాడు. ఎదురింటివాళ్ళు చూసి నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆ సాయంత్రం మావ భోజనానికి కూర్చుంటూ ప్రకటించాడు. "పువ్వు నేదు, కాయ నేదు, ముళ్ళొకటి. వచ్చీ ఎండలకి పూస్తే పూసినట్టు. నేకపోతే గొడ్డలెట్టి నరికీసి పొయ్యిలో ఎట్టీడమే." మా మావ గోడ పెట్టిస్తానన్న మాట తప్పొచ్చు గాని, నరుకుతానంటే నరుకుతాడు. వదిన మొహం పాలిపోయింది.

ఆ ఎండలు మొదలయ్యేసరికి కొత్తవలస నుంచి కబురొచ్చింది. అక్కడ ఉన్న అత్త చెల్లెలి కూతురికి నెలలు నిండాయి, ఇంట్లో మరో ఆడదిక్కు లేదు, వదినని పంపమని. నెలా పదిహేను రోజులు ఉండాలి. వదినకి వెళ్ళడం ఇష్టం లేదు, కాని కాదనడానికి కారణం చెప్పలేదు. వెళ్ళే రోజు నన్ను నూతి దగ్గరికి పిలిచి, "పిల్లా, నాను వచ్చిందాకా సెట్టుకి నీళ్ళు మానొద్దు. పొద్దున్న రెండు బిందిలు, సందేళ రెండు. మరిసిపోకు సుమీ" అంది. నేను తెల్లబోయాను. "గ్రామసేవక్ బాబు మానీమన్నాడు గదా వదినా?" అన్నాను. "ఆయనకేటి తెలుసు? నాను సెప్పినట్టు సెయ్యి" అంది కసిరినట్టుగా. అప్పుడు నాకు అర్థమైందనుకున్నాను. అర్థమైందేమిటంటే, పాపం వదిన మనసు మెత్తన, చెట్టు వాడిపోతుంటే చూడలేక, అతను ఎంత చెప్పినా వినకుండా చాటుగా నీళ్ళు పోస్తోందని. ఆ మెత్తదనంతోనే చెట్టు గొడ్డలి పాలవుతుందని. నాకు పద్దెనిమిది దాటి ఇరవై కూడా రాలేదు, తెలివి మాత్రం చాలా ఎక్కువ. వదిన కోసం ఆ చెట్టుని ఎలాగైనా కాపాడాలని నిశ్చయించుకున్నాను. వదిన ఎక్కిన బండి వీధి మలుపు తిరిగిందో లేదో, నిండు బిందె తీసుకెళ్ళి ఆనపపాదుకి పోసేశాను.

మరుసటి సంతరోజు గ్రామసేవక్ వచ్చాడు. వదిన ఊళ్ళో లేదని విని, "ఎప్పుడొస్తారు?" అని అడిగాడు. నెలా పదిహేను రోజులన్నాను. మజ్జిగ సగం తాగి గ్లాసు కింద పెట్టేశాడు. చెట్టు వైపు చూడనైనా చూడలేదు. ఆ తరవాత అతను రాలేదు. ఏదో ట్రెయినింగు అన్నారు. నేను మాత్రం అతను చెప్పిన పద్ధతి అక్షరం తప్పకుండా చేశాను. పది రోజులకి ఆకులు వేలాడబడ్డాయి. ఇంకో నాలుగు రోజులకి పసుపుపచ్చనై రాలడం మొదలెట్టాయి. అత్త పొద్దున్నే వాకిలి తుడుస్తూ, "ఓలమ్మో, సెట్టు సచ్చిపోనాది! దాని సేతి సెట్టు, వచ్చి నన్నడుగుతాది. ఏటి సెప్పనే?" అని గుండెలు బాదుకుంది. గొడ్డలి అవసరం లేకుండా నేనే చంపేశానా అనిపించింది. ఒక బిందె నీళ్ళు పోసి, ముఖలింగేశ్వరుడికి కొబ్బరికాయ మొక్కుకుని, మళ్ళీ మానేశాను. వారం గడిచాక కొసల్లో ఎర్రగా ఏదో మొలిచింది. కొత్త చిగురనుకున్నాను. రెండు రోజుల్లో అది విచ్చుకుంటే చిగురు కాదు, రంగు. ఒక కొమ్మకి, పక్క కొమ్మకి, ఆ పైదానికి. ఇంకో పది రోజులకి చెట్టు మీద ఆకు కనబడలేదంటే నమ్మండి. పందిరి, పెణక, పెణక మీది పెంకులు అన్నీ బీట్రూట్ రసంలో ముంచి తీసినట్టు అయిపోయాయి. గాలి వేస్తే వాకిలి నిండా రాలి, ఎండుటాకుల్లా కాకుండా రంగుకాగితాల్లా గలగలమని దొర్లేవి. కోటబొమ్మాళి సంతకి పోయేవాళ్ళు బళ్ళు ఆపి చూసి వెళ్ళేవారు. మా మావ నులకమంచం తెచ్చి చెట్టు కిందే వేసుకుని, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ, "దీనికి నీళ్ళు మానీయాల. తెలిసుండాల మరి" అని చెప్పడం మొదలెట్టాడు.

వదిన వచ్చే రోజు మా ఆయన బండి కట్టుకుని స్టేషనుకి వెళ్ళాడు. దారిలో చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. మిట్టమధ్యాహ్నం బండి వాకిట్లో ఆగింది. నేను గుమ్మంలో నిలబడి, పళ్ళన్నీ బయటపెట్టి ఎదురుచూస్తున్నాను. వదిన బండి దిగింది. తల ఎత్తింది. చేతిలో సంచీ అలాగే ఉంది. ఆ మొహంలో నేను ఎదురుచూసింది ఏదీ రాలేదు.

"ఎవులు సేసినారిది?" అంది.

"నానే వదినా! నీళ్ళు మానీసినాను. సూడు ఎలాగ పూసినాదో!"

వదిన కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. అన్నం వడ్డించి పిలిస్తే రాలేదు. వెతుక్కుంటూ వెళ్ళేసరికి పెరట్లో రుబ్బురోలు పక్కన మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది. ఏడుస్తోంది. నేను పక్కన కూలబడి, "సెట్టు కోసం సేసినాను వదినా, మావ నరికీస్తానన్నాడు గదా" అని ఏవో చెబుతున్నాను. ఆవిడ తల ఎత్తకుండానే, "పూసీసినాది. ఇంక ఆయన రాడు" అంది.

అప్పుడు తెలిసింది నాకు. నా తెలివంతా ఏమైపోయిందో! పూయడం మొదలెట్టిందంటే ఇంక నేను చూడాల్సింది ఏమీ ఉండదు అని అతను అన్న మాట ఎలా అన్నాడో, వదిన ఎలా తల ఊపిందో అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చాయి. ఆ రోజునుంచి ఈవిడ పొద్దునా సాయంత్రం నూతినిండా ఉన్న నీళ్ళు తోడి తోడి ఆ చెట్టుకి పోస్తూనే ఉంది. ఇటు పూస్తే అతను రాడు, అటు పూయకపోతే మావ నరికేస్తాడు. ఈ రెంటి మధ్యా ఆవిడ ఎన్ని రాత్రులు నిద్ర మానుకుందో. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నాకు చేతనైన తిట్లన్నీ నన్ను నేను తిట్టుకున్నాను. కాసేపటికి ఆవిడే, "ఊరుకోయే, నువ్వు మంచికే సేసినావు. సెట్టు బతికినాది" అని నా కన్నీళ్ళు తుడిచింది.

తరవాతి సంతరోజుకి గ్రామసేవక్ వచ్చాడు. వదిన తిరిగొచ్చిన కబురు ఎలా తెలిసిందో అడగకండి, సంతలో తెలియనిదేముంది. అత్త అరుగు మీద కూర్చుని అప్పడాల పిండి పిసుకుతోంది. నేను పక్కన ఉన్నాను. వదిన గుమ్మం చాటున. అతను సైకిలు స్టాండు వెయ్యడం మరిచిపోయి, చెట్టు వైపు చూసి, రైలు తప్పిపోయిన మనిషిలా, "పూసేసిందా?" అన్నాడు.

ఊరంతా వచ్చి చూసిన చెట్టు అది. చూసినవాళ్ళెవరూ మొహం అలా పెట్టలేదు. మా అత్త పిండి పిసకడం ఆపింది. అతని వైపు చూసింది. గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డ కూతురి వైపు చూసింది. ఇద్దరూ చెట్టుని తప్ప నేలనంతా చూస్తున్నారు. ఆవిడ చదువుకోలేదు గాని, అన్నం కుండ చప్పుడు వినే లోపల ఎసరు ఎంతుందో చెప్పగలదు. నిదానంగా అడిగింది.

"బాబూ, సెట్టు పూసీసినాది గదా. ఇంక నీకు ఈడ పనేటి?"

అతను ఉక్కిరిబిక్కిరయ్యాడు. "పూత అయ్యాక కొమ్మలు కత్తిరించాలండి. లేకపోతే మళ్ళీ పూయదు."

"అదెప్పుడు?"

"రెండు నెలలు పోయాక."

"కత్తిరించినాక?"

"కొత్త తీగలు కట్టాలండి. ఎరువు... అదీ తక్కువ వెయ్యాలి. చూసుకోవాలి."

"అలాగ ఎన్నాళ్ళు సూసుకుంటావు?"

అతను హేండిలుకి తగిలించిన గుడ్డసంచీని సర్దాడు. మళ్ళీ సర్దాడు. తరవాత తల ఎత్తి, "మీరు ఒప్పుకుంటే నేనున్నన్నాళ్ళూ చూసుకుంటానండి" అన్నాడు. చెట్టు గురించి కాదని పిండికి కూడా అర్థమైంది. మా అత్త చేతులు దులుపుకుని లేచి, "మజ్జిగ తాగి ఎల్లు. నాను కబురంపుతాను" అని లోపలికి వచ్చి, గుమ్మం చాటున ఉన్న కూతుర్ని, "ఏటే, నీకూ ఇష్టమేనా?" అని అడిగింది.

"రెండేళ్ళు నుయ్యి తోడినాను. ఇంకా అడుగుతావేటమ్మా?" అంది వదిన.

మావతో మాట్లాడే పని మా ఆయన మీద పెట్టింది అత్త. మా ఆయన ధైర్యవంతుడే గాని, తండ్రి ఎదుట ఆ ధైర్యం కనబడేది కాదు. మూడు రోజులు నోరు తెరవడం, దగ్గడం, ఎడ్ల సంగతి మాట్లాడి లేచిపోవడం జరిగింది. నాలుగోనాడు మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అత్తే చెప్పేసింది. మావ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపాడు. మా కులంలో పూర్వం మారుమనువులు ఉండేవట. కాస్త పెంకుటిళ్ళూ చదువులూ వచ్చాక, పై కులాలవాళ్ళని చూసి, ఆ మాటే పరువు తక్కువని మానేశారు. మావకి కోపం కంటే భయమే ఎక్కువగా ఉన్నట్టుంది.

"ఊళ్ళో తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నాడు.

"మా యమ్మ మారుమనువుకే వచ్చినాది. ఆ కడుపునే నాను పుట్టినాను. నన్ను మనువాడినప్పుడు నీ తల ఏటైపోనాది?" అంది అత్త, చారు పోస్తూ. గొంతు పెంచలేదు. ఆ సంగతి మా ఆయనకి కూడా అంతవరకూ తెలియదు. మావ అన్నం మాత్రం పూర్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళి చెట్టు కింద మంచం మీద పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. పూలు రాలి ఆయన తల మీదా భుజాల మీదా పడుతున్నా దులుపుకోలేదు. దీపాలు పెట్టే వేళకి మా ఆయన్ని పిలిచి, "ఆ కుర్రోడిది నరసన్నపేట ఇవతలా, అవతలా?" అని అడిగాడు. మా అత్త లోపల గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకోవడం నేనొక్కదాన్నే చూశాను.

పెళ్ళి శ్రీముఖలింగంలో, గుడి మండపంలో, ఇరుపక్కలా కలిపి పాతికమంది మధ్య అయింది. ఊళ్ళో ఇద్దరు ముగ్గురు రాలేదు. రానివాళ్ళు ఆ తరవాత ఏడాదిలోగా పొట్టి వరి విత్తనాల కోసం పెళ్ళికొడుకు దగ్గరికే వచ్చారు. వంశధారలో స్నానం చేసి వచ్చిన వదిన నుదుట నేనే బొట్టు పెట్టాను. బొట్టు కొంచెం వంకర పోయింది. దిద్దబోతే, "ఉండనీయే, బాగున్నాది" అంది. నేను ఆ రోజునుంచి గ్రామసేవక్‌ని అన్నయ్యా అని పిలవడం మొదలెట్టాను. ఒకసారి చనువుగా, "అన్నయ్యా, మీకు నిజంగా తెలీదా, వదిన నీళ్ళు పోస్తూ ఉండేదని?" అని అడిగాను. ఆయన నవ్వి, "మట్టి ముట్టుకుంటే తెలియదా అమ్మా? నేను జీతం తీసుకునేదే దానికి. వచ్చిన ప్రతిసారీ పాదు తడిగానే ఉండేది. ఎందుకు పోస్తోందో అర్థమయ్యాక, నీళ్ళు మానమని చెప్పడం మానేశాను" అన్నాడు. పక్కనున్న వదిన ఆయన చేతి మీద ఒకటి చరిచింది. ఆవిడకి కూడా ఆ సంగతి అప్పుడే తెలిసింది.

ఆ ఏడు పూత అయిపోయాక అన్నయ్య కత్తెర పట్టుకుని వచ్చి చెట్టుని మోకాలి ఎత్తుకి దించేశాడు. మావ చూడలేక పొలం వెళ్ళిపోయాడు. చెట్టుని నరికేస్తానన్న మనిషి ఆయనే మరి! రెండు వానలకి చెట్టు మళ్ళీ పందిరెక్కింది, మరుసటి ఎండలకి మొదటిసారికంటే ఒత్తుగా పూసింది. అన్నయ్య బదిలీల మీద టెక్కలి, పార్వతీపురం, సాలూరు తిరిగారు. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ వదిన మా చెట్టు కొమ్మే నాటింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. అన్నయ్య పోయి కొన్నేళ్ళయింది. వదిన టెక్కలిలో పెద్దకూతురి దగ్గర ఉంది. ఎనభై దాటాయి, చెవి సరిగా వినబడదు, నోరు మాత్రం బాగానే ఉంది. కిందటి వారం ఫోనులో, "ఆ రెండేళ్ళల్లో నీకు ఎప్పుడూ విసుగు పుట్టలేదా వదినా?" అని అరిచి అడిగాను. "విసుగేటే? సంతరోజు ఎప్పుడొస్తాదా అని ఉండీది గదా" అంది. నాకూ గుర్తే, ఒక సంతరోజుకీ మరో సంతరోజుకీ మధ్య అప్పట్లో ఎంత దూరం ఉండేదో. ఆ రెండేళ్ళూ అంత పొడుగ్గా సాగాయి. వాటి వెనక వచ్చిన యాభై ఏళ్ళు వాటికంటే పొట్టిగా ఎలా అయిపోయాయో నాకిప్పటికీ తెలియడం లేదు.